చిటికెన వేలు మడిచి చెయ్యాల్సిన లెక్క

ఒకటిని మూడుతో భాగించి, అక్కడితో పని ముగించుకున్న మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. నీ ఫోనులో అది ముగియదు. సున్నా, చుక్క, ఆ తర్వాత మూడు మూడు మూడు అంటూ అద్దం చివరిదాకా చీమల బారులా పోతుంది. "ఇది యాడ నిలుస్తుంది అవ్వా?" అని అడిగావు చూడు, అందుకే నవ్వు వచ్చింది నాకు. నిలవదు పాపా. పది వేళ్ళు ఉన్నవాళ్ళకి నిలవదు. ఆయనకి నిలిచేది. ఆయనకి తొమ్మిది వేళ్ళు.

పెన్ను తీసుకున్నావా? రాయి మరి. పేరు మాత్రం రాయొద్దు. పేరు రాస్తే ఆయన కూతుళ్ళు చదివి, మా నాయన కాఫీ సంగతి ఊరందరికీ ఎందుకు చెప్పావని నా మీదికి వస్తారు. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేను మంచే చెబుతాను గానీ, కాఫీ సంగతి చెప్పకపోతే ఆయన ఆయనలాగా ఉండడు.

కోలారు బంగారు గనుల దగ్గర, కోరమండల్‌లో మాది లైనిల్లు, కంపెనీ వరసగా కట్టించిన ఇళ్ళలో ఒకటి. పక్కిల్లు ఆయనది. రెండిళ్ళకీ నడుమ ఒకటే గోడ. ఇవతల నేను పోపు వేస్తే అవతల ఆయన తుమ్మేవాడు. తుమ్మి, "చెల్లెమ్మా, మిరక్కాయలు నాలుగేసినావా?" అని గోడలోంచే అడిగేవాడు. నాలుగు అంటే నాలుగే అయ్యుండేవి. లెక్క విషయంలో ఆయన ముక్కు కూడా తప్పేది కాదు.

గని మూసేశాక లైన్లలో మగవాళ్ళకి పొద్దు ఒక్కసారిగా పొడుగైపోయింది. సైరన్ లేదు, షిఫ్టు లేదు. చేతనైనవాళ్ళు తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరుకో మాలూరుకో పోయి, చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు. మీ తాత అట్లా మాలూరులో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. పక్కింటాయనకి వయసు దాటిపోయింది కాబట్టి ఎక్కడికీ పోలేదు. భార్య అప్పటికే లేదు. ఇంటి ముందు రాతి మీద కూర్చుని, కనబడిన ప్రతిదాన్నీ లెక్కపెట్టేవాడు.

గనిలో ఆయన దుంగల మేస్త్రీ. భూమి కింద సొరంగం కప్పు కూలకుండా దుంగలు కోసి నిలబెట్టే పని. దుంగ ఒక వేలెడు పొట్టిదైతే కప్పు దిగుతుంది, ఒక వేలెడు పొడుగైతే దుంగే చీలుతుంది. అందుకని కొలత అంటే ఆయనకి ప్రాణం. అలాంటి ఒక దుంగకీ రాతికీ మధ్య ఎడమ చేతి చిటికెన వేలు ఉండిపోయింది. ఎట్లా పోయిందన్నా అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"పోలేదమ్మా. గనికి నచ్చింది, పెట్టుకునింది."

ఆస్పత్రిలో మంచం మీదున్నప్పుడే ఆ తొమ్మిది పిచ్చి పట్టుకుంది. "పడుకోని పడుకోని ఏం చేసేది? వేళ్ళు లెక్కపెడితి. తొమ్మిదికే అయిపొయ్యె. అందరికీ పది అయినాక ఒక కట్ట. నాకు తొమ్మిది అయినాక ఒక కట్ట. దాంట్లో తప్పేముండాది?" అనేవాడు.

అప్పటినుంచి ఆయన లోకంలో అన్నీ తొమ్మిదేసి కట్టలే. అగ్గిపుల్లలు తొమ్మిదేసి. బీడీలు తొమ్మిదేసి. వయసెంతన్నా అంటే "ఏడు కట్టల మీద రెండు" అనేవాడు. ఏడు తొమ్ముదులు అరవై మూడు, పైన రెండు. మనం లెక్క కట్టుకునే లోపల ఆయన లేచి వెళ్ళిపోయేవాడు.

ఇక ఆ కాఫీ. మన వైపు హోటళ్ళలో ఇద్దరు మనుషులు పోతే ఒక కాఫీ చెప్పి "వన్ బై టూ" అంటారు కదా, రెండు గ్లాసుల్లో సగం సగం పోసిస్తాడు. మీ తాత సెలవు రోజున ఆయన్ని బస్టాండు దగ్గర హోటలుకి తీసుకుపోయేవాడు. కూర్చోగానే మీ తాత "వన్ బై టూ" అనేవాడు. వెంటనే ఆయన చెయ్యి పైకి లేచేది, ఆ ఎడమ చెయ్యే.

"బై టూ వద్దప్పా. నా చేతికి బై టూ తెగదు. బై త్రీ ఇయ్యి."

"ఉండేది మీరిద్దరే కదప్పా," అనేవాడు హోటలాయన. "మూడో గ్లాసు ఎవరికి?"

"దాన్ని గురించి నీకు బేజారు వద్దు. అది గూడా నేనే తాగతా. లెక్క తెగాల కదా!"

అట్లా ప్రతిసారీ ఆయనకి రెండు గ్లాసులు, మీ తాతకి ఒకటి. మీ తాత ఇంటికొచ్చి నన్ను మళ్ళీ కాఫీ అడిగేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు కూడా. మనం చర్చికి పోయేవాళ్ళం, ఆయన గుడికి పోయేవాడు, అయినా వాళ్ళిద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళు. నేను ఆయన్ని అన్నా అంటాను కదా, అందుకని.

"ఏం బావా, మా దేవుడు అయిదు రొట్టెలు అయిదు వేల మందికి పంచినాడు. నువ్వు ఒక కాఫీ ఇద్దరికి పంచలేవా?"

ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "పంచినాడు లే. పంచినాక పన్నెండు గంపలు మిగిలె గదా బావా! మిగిలితే ఇంగ లెక్క తెగినట్లు యాడ?"

మీ తాత మూడు ఆదివారాలు పాస్టరు ముందు ముఖం ఎత్తలేకపోయాడు, ఎక్కడ నవ్వొస్తుందో అని.

రెండు అనే సంఖ్యతోనే ఆయనకి పడేది కాదు. ఏటా కురుడుమలె వినాయకుడి గుడికి పోయి టెంకాయలు కొట్టుకొచ్చేవాడు. వచ్చి చిప్పలు నా ముందు పెట్టేవాడు. "చూడు చెల్లెమ్మా. నలభై ఏండ్లుగా కొడతా ఉండా. ఒక్కటన్నా సరిసగానికి పగిలిందా? స్వామికే చేతగాలేదు." మా లైనులో రెండిళ్ళ నడుమ బొప్పాయి చెట్టు ఒకటి మొలిచి, కాయలు ఎవరివన్న దాని మీద ఆ ఇంటి ఆడవాళ్ళూ ఈ ఇంటి ఆడవాళ్ళూ జుట్లు పట్టుకునేదాకా పోతే, తీర్పు చెప్పమని ఈయన్నే పిలిచారు. ఈయన చెట్టు చుట్టూ తిరిగి చూసి అన్నాడు:

"ఇద్దరి నడాన ఉండే గలాట తెగదమ్మా. తొమ్మిది కాయలు కాసినాయనుకో. నీకు నాలుగు, ఆమెకు నాలుగు, ఒకటి మిగులుతుంది. ఆ ఒకదాన్ని తొమ్మిది ముక్కలు చేసినా మళ్ళా నాలుగు నాలుగు పోయి ఒకటి మిగులుతుంది. ఆ ముక్క మీద మళ్ళా కొట్టుకుంటారు. మూడో మనిషి రావాల. అప్పుడు మూడేసి, మిగులు లేదు."

"మూడో మనిషి ఎవరప్పా?"

"ఇంత దూరం వచ్చినాను కదా, నేనే ఉంటా."

ఆ ఏడంతా ఆయనింట్లో బొప్పాయే. విచిత్రమేమిటంటే ఆ రెండిళ్ళవాళ్ళూ మళ్ళీ కొట్టుకోలేదు. ఇద్దరూ కలిసి ఆయన్ని తిట్టుకునేవాళ్ళు.

ఇలాంటి మనిషి చేతికి మీ అమ్మ చదువు అప్పజెప్పాను. ఎందుకు అప్పజెప్పానంటే, వేరే దారి లేక.

మీ అమ్మ అప్పుడు పదో తరగతి. లెక్కలు తప్ప అన్నీ వచ్చేవి. లెక్కల పుస్తకం తెరిస్తే దానికి కడుపునొప్పి వచ్చేది, నిజం నొప్పే, వేడినీళ్ళు తాగేది. పది పాసైతే కోలారులో నర్సు ట్రైనింగులో చేరాలని దాని ఆశ. తప్పితే ఏం చెయ్యాలో మీ తాత ముందే చెప్పేశాడు: "మా ఫ్యాక్టరీలో ప్యాకింగుకు ఆడపిల్లల్ని తీసుకుంటా ఉండారు. సూపర్‌వైజరుకు చెప్పిపెట్టినా. తప్పితే ఇద్దరం కలిసి అయిదు గంటల రైలుకు పోదాం." ఆయన కోపంగా అనలేదు. అందుకే మీ అమ్మకి ఎక్కువ భయమేసింది. దానికి తోడు, వాళ్ళ స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. పబ్లిక్ పరీక్షకి ముందు స్కూల్లోనే ప్రిపరేటరీ అని ఒక పరీక్ష పెట్టేవాళ్ళు. అందులో తప్పినవాళ్ళకి హాల్ టికెట్ చేతికిచ్చేవాళ్ళు కాదు. స్కూలుకి నూటికి నూరు మంది పాస్ అని బోర్డు పెట్టుకోవాలి కదా.

ట్యూషనుకి ఎంత ఇమ్మంటావన్నా అని అడిగితే ఆయన నొచ్చుకున్నాడు. "సాయంకాలం ఒక కాఫీ కలుపు చెల్లెమ్మా. నీకు, పాపకు, నాకు. బై త్రీ."

మొదటి పాఠం రోజున నేను పులుసులోకి రెండు దోసకాయలు తెచ్చి పెట్టుకున్నాను. పొడుగు దోసకాయలు. ఆయన ఒకదాన్ని తీసుకుని, నా కత్తిపీట ముందు కూర్చున్నాడు.

"పాపా, ఇది ఒకటి. దీన్ని ముగ్గురికి పంచాల. నీ చేతికి పది వేళ్ళు కాబట్టి పది ముక్కలు కోస్తా ఉండా. మనిషికి ఎన్ని?"

"మూడు మామా."

"మిగులు?"

"ఒకటి."

"ఆ ఒకటిని మళ్ళా పది కోస్తా ఉండా. మనిషికి?"

"మూడు. మళ్ళా ఒకటి మిగిలింది."

"మళ్ళా కొయ్యాల్నా?"

"ఎన్నిసార్లు కోసినా ఒకటి మిగుల్తానే ఉంటుంది కదా మామా!"

"అదీ! ఆవు నెమరేసినట్లు, ఇంగ సాయంత్రందాకా అదే నమలతా ఉంటుంది. దీన్ని నెమరు లెక్క అంటారు." ఎవరూ అనరు పాపా, ఆయనే అంటాడు. "ఇప్పుడు నా చేతికి రా. చిటికెన వేలు మడువు."

అది ఆయన దగ్గర నియమం. ఆయన ముందు కూర్చుని లెక్క చేసేవాళ్ళు ఎడమ చిటికెన వేలు అరచేతిలోకి మడిచి పెట్టుకోవాలి. గుళ్ళోకి పోయేముందు చెప్పులు విడిచినట్టు. మీ అమ్మ మడిచింది. ఎందుకైనా మంచిదని నేనూ మడిచాను.

రెండో దోసకాయని తొమ్మిది ముక్కలు కోశాడు. మూడు, మూడు, మూడు. ముగ్గురి ముందూ పెట్టి చేతులు దులుపుకున్నాడు. "తెగింది. చూసినావా? లెక్క మంచిదే పాపా, చెయ్యే తేడా."

"మరి ఇద్దరికి పంచాలంటే?" అని నేనడిగాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "ఇద్దరికైతే పది వేళ్ళోళ్ళు గెలుస్తారు. అయిదు అయిదు, తెగిపోతుంది. నాకు నాలుగు నాలుగు పోయి ఒకటి మిగుల్తుంది. నాకు అది నెమరే." దోసకాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుని, "ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి. దేవుడు ఎవరికీ అన్నీ ఇయ్యలేదు," అన్నాడు.

ఆ రాత్రి మా ఇంట్లో పులుసు లేదు. లెక్క ఉంది.

కానీ పాపా, ఒక మాట చెప్పాలి. రెండు నెలలుగా స్కూల్లో చెప్పినా ఎక్కనిది, ఆ దోసకాయతో మీ అమ్మకి ఎక్కింది. సూత్రం కూడా ఆయన తన పద్ధతిలోనే చెప్పాడు: "కింద ఉండే సంఖ్యను విరగ్గొట్టు. దాంట్లోంచి వచ్చిన తునకలు మన కట్టలో గూడా ఉంటే తెగుతుంది. లేకుంటే నెమరేస్తుంది. పదిని విరిస్తే రెండు, అయిదు. నా తొమ్మిదిని విరిస్తే మూడు, మూడు. అంతే, ఇంగేమీ లేదు." ఏడు మాత్రం ఎవరి చేతికీ లొంగదని చెప్పేవాడు. అందులో కూడా ఆయనకి గర్వమే. "ఒకటిని ఏడుతో భాగిస్తే పది వేళ్ళోళ్ళు ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు అని ఆరు అంకెలు నమిలి మళ్ళా మొదటికొస్తారు. నా చేతికి ఒకటి, రెండు, అయిదు. మూడు నమిలితే చాలు. పండ్లు అరగవు."

మీ అమ్మకి కడుపునొప్పి పోయింది. గోడకి చెవి పెట్టి "మామా, ఇరవై ఏడు?" అని అరిచేది. "నాకు తెగుతుంది, నీకు నెమరు!" అని అవతలినుంచి వినబడేది.

ప్రిపరేటరీ పరీక్ష అయింది. లెక్కల్లో ముప్ఫై మూడు మార్కులు వచ్చాయి. పాస్ మార్కు ముప్ఫై అయిదు.

పేపరు ఇంటికి తెచ్చి చాప మీద పరిచింది. ఏడవలేదు. అయిదు మార్కుల ప్రశ్న ఒకటి ఉంది: ఈ కింది భిన్నాల్ని దశమాంశంగా రాస్తే ఏవి ముగుస్తాయి, ఏవి ముగియవు? ఒకటి కింద రెండు, ఒకటి కింద మూడు, మూడు కింద నాలుగు, రెండు కింద తొమ్మిది, నాలుగు కింద అయిదు. మీ అమ్మ అయిదింటికీ జవాబు రాసింది. అయిదింటికీ ఎర్ర సిరాతో ఇంటూలు. ముగిసేవాటిని ముగియవని రాసింది, ముగియనివాటిని ముగుస్తాయని రాసింది. తలకిందులుగా, ఒక్కటి కూడా తప్పిపోకుండా.

"ఎట్లా రాసినావే ఇట్లా?" అన్నాను.

మీ అమ్మ తన ఎడమ చెయ్యి చూసుకుంది. "పరీక్షలో భయమేసినప్పుడు వేలు మడుచుకున్నానమ్మా. మడిస్తే మామ పక్కనే ఉన్నట్లు ఉంటుంది కదా. మడిచింది మళ్ళీ తెరవలేదు."

గోడకి అవతల పెట్టె తెరిచిన శబ్దం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన మా గుమ్మంలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, గనిలో వేసుకునే బూట్లకి నల్లగా పాలిష్. చేతిలో సంచి. "పదండి. సిస్టరమ్మను కలవాల," అన్నాడు. మీ తాత అప్పటికే రైలెక్కి పోయాడు. పోతూ పోతూ, "సాయంత్రంలోగా తేలకుంటే సూపర్‌వైజరుతో రేపు మాట్లాడేస్తా," అని చెప్పి మరీ పోయాడు.

హెడ్మిస్ట్రెస్ సిస్టరు కుప్పం వైపు మనిషి. మన మాటే మాట్లాడుతుంది గానీ, ఆమె కళ్ళద్దాల్లోంచి చూస్తే ఎదుటివాళ్ళకి మాట రాదు. ముగ్గుర్నీ చూసి, "ఎవరు ఈయన? పాపకు ఏమవుతాడు?" అంది.

ఆయన జవాబు చెప్పకుండా ఎడమ చెయ్యి ఆమె బల్ల మీద పెట్టాడు. "తప్పు పాపది కాదు సిస్టరమ్మా. ఈ చేతిది."

"ఏం చేసిందప్పా ఈ చెయ్యి?"

"దొంగతనం చెయ్యలేదు. లెక్క చెప్పింది."

అని సంచిలోంచి దోసకాయ తీశాడు. వెనకే చాకు కూడా.

"ఆఫీసులో దోసకాయ కొయ్యొద్దు!" సిస్టరు కుర్చీ వెనక్కి జరిపింది. ఆయన తగ్గలేదు. బల్ల మీదున్న సుద్దముక్కల డబ్బా అందుకుని, తొమ్మిది ముక్కలు పేర్చి, మూడేసి జరిపి, మిగులు లేదని చూపించాడు. తర్వాత ఇద్దరికి పంచి మిగిలినదాన్ని వేలితో పొడిచి చూపించాడు. సిస్టరు మొదట తల తిప్పి వెనక గోడ మీది గడియారం చూసింది, తర్వాత సుద్దముక్కలు చూసింది. చివరికి పేపరు తెప్పించుకుని, మీ అమ్మ జవాబులు ఒక్కొక్కటీ సుద్దముక్కలతో సరిపోల్చింది.

"ఈయన చేతికి అన్నీ సరిగ్గానే ఉండాయి," అంది చిన్నగా.

"అదే కదా నేను చెప్పేది! ప్రశ్నలో పది అని యాడ రాసినారు? చూపించండి!"

సిస్టరు పేపరు ఆయన వైపు తిప్పింది. "దశమాంశం అని రాసుండాది. దశ అంటే ఎంతప్పా?"

"పది," అన్నాడు ఆయన, గొంతులోంచి కాదు, బూట్లలోంచి వచ్చినట్టు. బల్ల మీది చెయ్యి మెల్లగా వెనక్కి జరిగి, ఒళ్ళోకి పోయింది. పాపా, ఆ చెయ్యి అట్లా దాక్కోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

అయిపోయింది అనుకున్నాను. మాలూరు రైలు నా చెవుల్లో కూత వేసింది.

సిస్టరు మీ అమ్మ వైపు తిరిగింది. "నువ్వు తెలిసి రాసినావా, తెలీక రాసినావా?"

"తెలిసే సిస్టర్. వేలు తెరవడం మరిచిపోయినా."

"అట్లనా? అయితే చెప్పు. ఒకటి కింద పదిహేను. పదికి తెగుతుందా?" తెగడం అనే మాట ఆమెకీ అంటుకుంది.

"తెగదు సిస్టర్. పదిహేనులో మూడుంది, పదిలో మూడు లేదు."

"ఈయన తొమ్మిదికి?"

"తెగదు. పదిహేనులో అయిదుంది, తొమ్మిదిలో అయిదు లేదు."

"అంటే ఎవరికీ తెగదు."

మీ అమ్మ తల ఎత్తింది. ఈయన దాని మోచెయ్యి గోకి, "అవునని చెప్పు పాపా, చాలు, హాల్ టికెట్ తీసుకోని పోదాం," అని గుసగుసలాడాడు. గుసగుస గది అంతా వినబడింది. మీ అమ్మ సిస్టరు తల వెనక గోడ వైపు చూస్తోంది.

"తెగుతుంది సిస్టర్," అంది.

"ఎవరికి?"

"గడియారానికి."

సిస్టరు వెనక్కి తిరిగింది, ముగ్గురం గోడ మీది గడియారం చూశాం.

"గంటను అరవై ముక్కలు కోసినారు కదా. అరవైని విరిస్తే రెండూ వస్తుంది, మూడూ వస్తుంది, అయిదూ వస్తుంది. పదిహేనుకు కావాల్సిన మూడూ అయిదూ దాంట్లో ఉండాయి. గంటలో పదిహేనో వంతు నాలుగు నిమిషాలు సిస్టర్. మిగులు లేదు."

సిస్టరు పెదాలు కదిపి లెక్క కట్టింది, పదిహేను నాలుగులు అరవై. ఈయన మాత్రం గడియారం వైపే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అరవై వేళ్ళా!" అన్నాడు. "ఎవడమ్మా వాడు, అరవై వేళ్ళోడు?"

సిస్టరు నవ్వింది. ఆ స్కూల్లో ఆమె నవ్వగా చూసినవాళ్ళం మేం ముగ్గురమే అనుకుంటాను. వెంటనే నవ్వు మడిచి లోపల పెట్టుకుని, తెల్ల కాగితం ఒకటి తీసి, తన చేత్తో కొత్తవి అయిదు భిన్నాలు రాసింది. "ఇవి చెయ్యి. పదికి మాత్రమే. ఎడమ చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టు. వేళ్ళన్నీ నాకు కనబడాల."

మీ అమ్మ అయిదూ సరిగ్గా రాసింది. సిస్టరు ఆ అయిదు మార్కులు వేసి, హాల్ టికెట్ ఇచ్చింది. ఈయన లేచి, దోసకాయ బల్ల మీదే వదిలేసి దండం పెట్టాడు. ఇంటికొచ్చే దారిలో గని మట్టి దిబ్బలు దాటాక, "నాకు తెలీనిది చెప్పింది చూడు," అన్నాడు. సంతోషమో కష్టమో నాకు తెలియలేదు. బహుశా సరిసగం, ఆయన చేతికి తెగని రకం.

పబ్లిక్ పరీక్షలో మీ అమ్మ లెక్కల్లో యాభై రెండు మార్కులతో పాసయింది. మీ తాత ఆ సాయంత్రం సూపర్‌వైజరుకి మిఠాయి ఇచ్చి, పని వద్దని చెప్పి వచ్చాడు. నర్సు ట్రైనింగుకి పెట్టె సర్దుతుంటే ఈయన వచ్చి రాతి మీద కూర్చున్నాడు.

"ఆ ప్రశ్న వచ్చిందా పాపా?"

"వచ్చింది మామా. నాలుగు భిన్నాలు. పదికే రాసినా."

"మంచిదే. పరీక్ష వాళ్ళది, వేళ్ళు వాళ్ళవి."

"నీది గూడా రాసినా మామా. చివరి పేజీలో, తొమ్మిదికి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "రాసినావా! నిజంగా? రాసి?"

"రాసి, మీద అడ్డంగా గీత కొట్టేసినా. లేకుంటే అది గూడా జవాబనుకోని మార్కులు కోస్తారు కదా."

వెలుగు పోయింది. "కొట్టేసినావా?" అన్నాడు. "సరైన లెక్కను కొట్టేసినావా?" లేచి ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. రెండు రోజులు కాఫీకి రాలేదు. పోపు వేస్తే తుమ్మాడు గానీ, మిరపకాయల సంగతి అడగలేదు.

మూడో రోజు తెల్ల కాగితం పట్టుకుని వచ్చాడు. "రాయి పాపా. ఆ నాలుగూ మళ్ళా రాయి. గీత లేకుండా."

మీ అమ్మ చిటికెన వేలు మడిచి, సాయంత్రం రైలుకి ఇంకా పెట్టె సర్దుకోవాల్సి ఉన్నా కూర్చుని, అచ్చు లాగా రాసిచ్చింది. ఆయన ఆ కాగితాన్ని మడత పెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని, బూట్లు వేసుకుని, స్కూలుకి పోయాడు. సిస్టరుతో ఏమన్నాడో తెలియదు. మధ్యాహ్నం ఎండలో దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. కాగితం నా ముఖం ముందు ఊపాడు. నాలుగు జవాబులకీ ఎర్ర సిరాతో రైటు కొట్టి ఉంది. కింద సిస్టరు సంతకం, స్కూలు సీలు. సంతకం పైన మాత్రం ఇట్లా రాసి ఉంది: స్టెప్పులు చూపలేదు, ఒక మార్కు తగ్గించడమైనది. నాలుగుకి మూడు.

"అయ్యో, ఒక మార్కు పోయింది కదన్నా," అన్నాను. "దానికింత సంతోషమెందుకు?"

"నీకు తెలీదు చెల్లెమ్మా," అన్నాడు ఆయాసపడుతూ. "ముసలోడు ఎండన పడి వచ్చినాడే అని మార్కులు వేసి పంపేది సుళువు. మర్యాదకు వేస్తారు. మర్యాదకు ఎవురూ కొయ్యరు. కోసిందంటే, ఆమె కూచోని చదివింది!"

అని మా ఇంట్లోకి తొంగి చూశాడు. మీ అమ్మ అప్పుడే పెట్టెకి తాడు కడుతోంది.

"పాపా, ఆ తాడు ఇంగొంచెం సేపు ఆపు. స్టెప్పులు రాయాల."